గంటెలు వేలాడిన గ్యాస్కెట్

బీరంగూడలో మా తమ్ముడు వంటిల్లు కొత్తగా చేయించుకుంటున్నాడు. పాత సిమెంటు గట్టు, గోడ అరలు కొట్టేసి తెల్ల టైల్స్, చప్పుడు చేయకుండా మూసుకునే అల్మారీలు పెట్టిస్తున్నాడు. ఆ దుమ్ములో అమ్మ ఎలా ఉంటుందో ఏమోనని, వీలైతే కొన్నాళ్లు సంగారెడ్డిలో నా దగ్గరికి తీసుకుపోదామని వెళ్లాను. అమ్మ ససేమిరా రానంది. హాల్లో కుర్చీ వేసుకుని, కళ్లజోడు సర్దుకుని, బయటికి వచ్చే ఒక్కొక్క సామానునూ చెక్‌పోస్టు జవాను మాదిరి తనిఖీ చేస్తూ కూర్చుంది. బీహారు నుంచి వచ్చిన వడ్రంగి వంటింటి గోడకు వేలాడుతున్న ఒక నల్లటి రేకును గంటెలతో సహా ఊడదీసుకొచ్చి, "మాతాజీ, యే కబాడ్ మే డాలూఁ?" అని, పాత సామానులో పడేయనా అన్నట్టు అడిగాడు. అమ్మ లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పోయింది. "ఏయ్, దాన్ని ముట్టకు! నీ కండ్లకు గది కబాడ్ లెక్క కనిపిస్తుందా? ఆడ పెట్టు, మెల్లగ!" అని కేకేసింది. అతనికి తెలుగు రాదు. అయినా ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమైంది.

ఆ రేకు మా ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ ఒక వింత. దాదాపు రెండు జానల పొడుగు, దానిలో వరసగా నాలుగు పెద్ద గుండ్రటి రంధ్రాలు, చుట్టూ చిన్నాపెద్దా రంధ్రాలు చాలా. పెద్ద రంధ్రాల అంచుకు అమ్మ గంటెలు, జల్లిగంటె, పట్టకారు తగిలించేది. ఎక్కడ కొన్నారని అడిగేవాళ్లు. అది కొనడానికి దొరికే గంటెల స్టాండు కాదు, అంబాసిడర్ కారు ఇంజనుకు వేసే గ్యాస్కెట్. ఇంజను దిమ్మెకూ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య పెట్టే పలుచటి రాగిరేకు పొర. అది సరిగ్గా కూర్చుంటేనే లోపలి మంట లోపల, నీళ్లు నీళ్ల దారిలో, నూనె నూనె దారిలో ఉంటాయి. మా ఇంట్లో ఉన్నది ఏ ఇంజనులోనూ కూర్చోలేదు. కూర్చోనందుకే మా ఇల్లు నిలబడింది. ఆ ముచ్చట చెప్పాలంటే లక్డారంలోని మా పాత ఇంటికి పోవాలి.

లక్డారంలో మా ఇంటికి అటువైపు కంకర మిషన్ల మోత, ఇటువైపు గాలి మళ్లిందంటే పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఘాటు. ఆ వాసన రాగానే మా నాయినమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇగ ఆళ్లు వంట మొదలువెట్టిన్రు" అనేది. మా నాయిన పేరు యాదగిరి. పొలం ఉన్నా ఆయన మనసు ఎన్నడూ పొలంలో లేదు. వయసులో లారీ క్లీనరుగా పోయి, డ్రైవరై, చివరికి ఒక పాత తెల్ల అంబాసిడర్‌తో ఊళ్లోకి తిరిగొచ్చాడు. అప్పట్లో ఊరికంతా అదొక్కటే కారు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లు సంగారెడ్డి దవాఖానకు అందులోనే పోయేవాళ్లు, పెళ్లికూతుళ్లు అత్తగారింటికి అందులోనే పోయేవాళ్లు, ఏడుపాయల అమ్మవారికి మొక్కు చెల్లించేవాళ్లు మేకపోతును డిక్కీలో పెట్టుకుని అందులోనే పోయేవాళ్లు. కారు లోపల ఎప్పుడూ పెట్రోలు, ఊదుబత్తి, మల్లెపూలు కలిసిన ఒక వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ ఒక్కసారి తగిలితే నా ప్రాణం లేచొస్తుంది.

నాయిన పొద్దున్నే లేచి తన ముఖం కడుక్కోకముందే కారు ముఖం కడిగేవాడు. పాత బనీనుతో అద్దాలు తుడిచి, ఇంజను స్టార్టు చేసి, బానెట్ మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకుని నిలబడేవాడు. లోపలి చప్పుడు చెవితో కంటే చేతితోనే ఎక్కువ వినేవాడనుకుంటాను. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతూ అమ్మ ఊరుకునేది కాదు. "పిల్లలకు జరమొస్తే గిట్ల ఎన్నడన్న చెయ్యివెట్టి సూసినవా?" అని అడిగేది. నాయిన కళ్లు తెరవకుండానే, "పిల్లలకు జరమొస్తే ఏడుస్తరు. దీనికి నోరేది?" అనేవాడు. ఈ మాటలు రోజూ ఉండేవి. వాటితోనే మాకు తెల్లారేది.

నోరులేని ఆ బండికి నిజంగానే జ్వరమొచ్చింది. కంకర దుమ్ము తాగీ తాగీ ఇంజను నీలంగా పొగ వదలడం మొదలుపెట్టింది, పెట్రోలుతో సమానంగా నూనె తాగసాగింది. గుట్ట ఎక్కాలంటే ఎక్కిన వాళ్లు దిగి నడవాల్సి వచ్చేది. నాయిన దాన్ని పటాన్‌చెరు హైవే పక్కన ఖాజా మామ షెడ్డుకు తీసుకుపోయాడు. ఖాజా మామ మా చుట్టం కాకపోయినా నాకు మామే. ఇంటర్ చదవడానికి నేను పటాన్‌చెరు పోయే రోజుల్లో, సాయంత్రం నాయిన కారు వచ్చేదాకా ఆ షెడ్డులోనే కూర్చునేదాన్ని. కూర్చోవడమంటే ఊరికే కాదు. పానాలు అందించడంతో మొదలై, నట్లు విప్పడం, కార్బురేటర్ కడిగి బిగించడం దాకా వచ్చింది నా పని. చాయ్ సాసర్‌లో పోసుకుని చప్పరిస్తూ ఖాజా మామ ఇంజను గురించి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడేవాడు. దాని తబియత్ ఎట్లుంది, దాని పరేషాన్ ఏంది అనేవాడు.

ఈసారి చూసి తల అడ్డంగా ఊపాడు. "యాదగిరి భాయ్, లోపల గోడలు అరిగిపోయినయ్. బోరింగ్ కొట్టిస్త, పెద్ద పిస్టన్‌లు ఏస్త. గని గిదే ఆఖరు. ఇంక గీకితే గోడ మిగలది." ఇంజనులో పిస్టన్‌లు ఆడే గొట్టాల గోడలు అరిగితే, మిషను మీద వాటిని ఇంకొంచెం వెడల్పు చేసి, ఆ మేరకు లావు పిస్టన్‌లు వేస్తారు. మా బండికి అంతకు ముందే ఆ వైద్యం జరిగింది. గోడలో ఇంక ఒక్క బోరింగ్‌కే చోటుంది. అది కూడా పాడైతే బండి పాత ఇనుము కిందికి పోవాల్సిందే.

బండి పోతే నాయిన ఎక్కడికి పోవాలో కూడా ముందే నిర్ణయమైపోయింది. మా మేనమామ బొల్లారంలో మందుల కంపెనీ కాంట్రాక్టరుతో మాట్లాడి, ఖాకీ బట్టల జత కూడా తెచ్చి ఇచ్చాడు. సోమవారం కల్లా బండి లేవకపోతే డ్యూటీకి వస్తానని నాయిన మాటిచ్చాడు. డ్యూటీకి పోవడం నామోషీ అని కాదు. మా ఊళ్లో సగం ఇళ్లు ఆ కంపెనీ బస్సుల మీదే బతికేవి, ఆ బస్సు దిగి వచ్చే వాళ్లంటే మా అందరికీ గౌరవమే. కానీ నాయిన సంగతి వేరు. ముందర గదిలో మేకుకు వేలాడుతున్న ఆ ఖాకీ జత వైపు చూడకుండా ఉండటానికి ఆయన భోజనానికి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "రోడ్డు సూడకుంట దినమంత గోడల నడుమ ఉంటే బతుకుత గని, అప్పుడు బతికేది నేను గాదు" అన్నాడు. అమ్మ ఇంకో ముద్ద పప్పు వేసింది.

పటాన్‌చెరులోనే ఒక మిషను షాపులో బోరింగ్ అయింది. ఖాజా మామ కొత్త పిస్టన్‌లు, రింగులు వేసి, ఇంజనును కారులోకి దించుతుండగా గొలుసు జారి ఆయన కుడి మణికట్టు విరిగింది. ఇంజను మాత్రం చెక్కుచెదరకుండా తన చోట కూర్చుంది. ఇంక మిగిలింది హెడ్డు పెట్టడమే. ఖాజా మామ తన ఇంజను మీద ఇంకో మేస్త్రీ చేయి పడనిచ్చే రకం కాదు, మా నాయిన అంతకన్నా కాదు. దాంతో ఖాజా మామ చెప్తుంటే ఇంటి దగ్గర మేమే పెట్టాలని తేల్చి, హెడ్డు లేని కారును మా పక్కింటి వాళ్ల ఎడ్లు కట్టి లక్డారం దాకా లాక్కొచ్చారు. దారిపొడవునా జనం ఆగి చూశారు. "యాదగిరీ, ఎడ్లకు పెట్రోలు వోసినవా?" అని ఒకడు, "గేరు ఏసినప్పుడు తోక లేపుతున్నయా?" అని ఇంకొకడు. నాయిన స్టీరింగ్ పట్టుకుని, నిటారుగా కూర్చుని, అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపాడు. పెళ్లి ఊరేగింపులో కూడా ఆయన అంత ఠీవిగా కూర్చోలేదని అమ్మ తర్వాత చెప్పేది.

శనివారం పొద్దున ఖాజా మామను తీసుకొచ్చి వాకిట్లో నవారు మంచం మీద కూర్చోబెట్టాం. చేయికి పట్టీ, ఎడమ చేతిలో చాయ్. "నేను చెప్తూ ఉంట, మీరు చేస్తూ ఉండున్రి" అన్నాడు. అప్పటికే మా నాయినమ్మ తన పని తాను చేసేసింది. బానెట్ ఊడదీసిన కారులో ఇంజను నాలుగు నోళ్లు తెరుచుకుని కనబడుతోంది. ఆమెకు కొత్త కుండ అయినా, కొత్త రోలు అయినా, నోరు తెరిచి ఉన్నదేదైనా పసుపు కుంకుమ లేకుండా వాడటం అంటే అపచారం. గడపకు పూయగా మిగిలిన తడి పసుపు తెచ్చి, పీట ఎక్కి, నాలుగు గొట్టాల మూతుల చుట్టూ వేలితో చక్కగా పూసి, కుంకుమ బొట్లు కూడా పెట్టింది. ఇనుము మీద తడి పసుపు ఏమిటని నాయిన అనాల్సింది. కానీ నాయిన తన తల్లికి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. "అమ్మ పెట్టిన పసుపు, ఏంగాదు" అనుకుని, ఖాజా మామ తెప్పించిన గ్యాస్కెట్‌ను ఆ పసుపు మీదనే పరిచి, రెండు చేతులతో ఒత్తాడు. బోల్టుల రంధ్రాలన్నీ చక్కగా కుదిరాయి. ముఖం విప్పారింది.

నేను ఉండబట్టలేక, "మామా, పసుపు మీదనే పెట్టిండు" అన్నాను. ఖాజా మామ చాయ్ ఒలకబోసుకుని లేచాడు. "అరే, లేపు! లేపు! పసుపు మీద గాస్కెట్ కూసుంటదా? నీళ్లు లీకైతయ్!" నాయినమ్మకు రోషం వచ్చింది. "బోసి మూతి మీద మూత వెడతరా? పసుపు తుడుస్తరా, తుడువున్రి సూస్త!" అని కారుకు అడ్డం నిలబడింది. ఈ గొడవలో నేను మెల్లగా గ్యాస్కెట్ పైకి తీసి, తుడుద్దామని వెనక్కి తిప్పాను. నాలుగు రంధ్రాల చుట్టూ పసుపు అచ్చు గుండ్రంగా, శుభ్రంగా పడింది. కానీ అది రేకు అంచున పడలేదు. పసుపు గీతకూ, రంధ్రం అంచుకూ మధ్య ఒక సన్నటి రాగి పట్టీ ఏమీ అంటుకోకుండా మెరుస్తోంది. పసుపు ఎక్కడ అంటిందో అక్కడిదాకే కింద ఇనుము ఉంది. ఆ రాగి పట్టీ కింద ఏమీ లేదు. అది గొట్టం లోపలికి పొడుచుకొచ్చి గాలిలో ఉంది.

"మామా, పసుపు గీత బైటికుంది, రాగి లోపలికుంది" అన్నాను. ఆయన గ్యాస్కెట్‌ను ఎడమ చేత్తో ఎండకు పెట్టి చూశాడు.  బోల్టు రంధ్రాలు అన్ని గ్యాస్కెట్లకూ ఒకేలా ఉంటాయి కాబట్టి అది సరైనదే అనిపించింది. కానీ అది మామూలు సైజు ఇంజనుకు చేసినది. ఆఖరు బోరింగ్‌తో మా ఇంజను నోళ్లు దానికంటే పెద్దవైపోయాయి. "నా గల్తీ. సైజు చెప్పకుండ తెప్పించిన" అన్నాడు ఖాజా మామ, అందరూ వినేలా. "గీ రాగి అంచు మంటల్ల ఎర్రగ కాలి, ఊడి లోపల వడేది. పిస్టన్ ఖతం, గోడ ఖతం. ఇంగో బోరింగ్ యాడిది?" తర్వాత నాయినమ్మ వైపు తిరిగి, పట్టీ కట్టిన చేతిని ఛాతీ మీద పెట్టుకుని, "అమ్మా, నీ చెయ్యి సల్లగుండ. ఇంగోసారి పుయ్యి, అచ్చం అట్లనే" అన్నాడు. నాయినమ్మ జీవితంలో ఆమె పూజకు అంత గిరాకీ ఎన్నడూ రాలేదు. "గదీ మాట!" అని కొంగు దోపుకుని మళ్లీ పీట ఎక్కింది.

ఆ రెండో పసుపు మీద నేను బోల్టులు దూరేట్టు రంధ్రాలు పొడిచిన పాత న్యూస్‌పేపర్ పరిచి అరచేత్తో ఒత్తాను. నాలుగు గుండ్రటి గీతలూ, కుంకుమ బొట్లతో సహా దిగాయి. షాపువాడికి నోటితో సైజు చెప్పే బదులు ఇది చూపిస్తే తప్పు జరగదని నాకు తోచింది. ఖాజా మామ నన్ను చూసి కళ్లెగరేశాడు. నాయిన ఆ కాగితం మడవకుండా చుట్టి, చంకలో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాడు. పుత్లీబౌలిలో స్పేరు పార్టుల సేఠ్ పసుపూ కుంకుమా ఉన్న కాగితం చూసి, "ఎవరిది భాయ్ పెండ్లి?" అని అడిగాడట. "మా బండిది" అన్నాడట నాయిన. సేఠ్ నవ్వి, గ్యాస్కెట్లన్నీ కింద పరిచి, ఒక్కొక్కటీ ఆ కాగితం మీద పెట్టి చూశాడట. దీపాలు పెట్టే వేళకు నాయిన సరైన దానితో ఇంటికొచ్చాడు. అది చేతికి తగిలించుకుని వస్తుంటే బస్సులో పక్కనున్నామె ఇదేం కొత్త జంతికల బిళ్లనా అని అడిగిందని చెప్పి, అమ్మను నవ్వించాడు. ఆ వారంలో అమ్మ నవ్వడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్నే, ఎవరూ అడక్కుండానే నాయినమ్మ మళ్లీ పసుపు పూసింది. కొత్త గ్యాస్కెట్ పెట్టి తీశాం. పసుపు అంచు, రాగి అంచు రెండూ కలిశాయి, లోపలికి ఒక్క వెంట్రుకంత కూడా రాలేదు. అప్పుడు నాయినమ్మ పాత నూలు చీర చింపి, కిరసనాయిలుతో పసుపంతా తుడిచాం. తడి తగిలిన చోటల్లా నూనె గుడ్డతో ఒత్తి, పై ముఖాన్ని మళ్లీ పొడిగా తుడిచాం. బొట్టు పెట్టుకోవాల్సింది అన్నీ అయ్యాక హెడ్డు మీద వేసే పైమూత మీద అని ఖాజా మామ బతిమాలితే నాయినమ్మ ఒప్పుకుంది. చీర చింపడానికి మాత్రం మారు మాట్లాడలేదు. "కట్టుకొని కట్టుకొని నాకే ఇసుగొచ్చింది" అంది.

హెడ్డు పోత ఇనుముది, మంచి బరువు. ఒకవైపు నాయిన, ఒకవైపు అమ్మ పట్టుకున్నారు. కింద నిలబడి ఉన్న బోల్టులన్నింటి మీదుగా అది ఒకేసారి సమంగా దిగాలి. ఒకవైపు వంగితే మధ్యలోనే బిగుసుకుపోతుంది. నాయిన తొందరపడుతుంటే అమ్మ, "ఆగు. అన్నం గిన్నె దించుతున్నమనుకో. నీ దిక్కు జెర లేపు. ఇంగ జెర. ఆ, ఇప్పుడు ఇడువు" అంది. హెడ్డు చప్పుడు లేకుండా కూర్చుంది. పెళ్లిళ్లలో పెద్ద గుండిగలు దించిన చేతులవి. ఒక్క ఇంజను కూడా చూడని ఆ చేతులను చూసి నాకు ఆ క్షణంలో ఎంత గర్వం అనిపించిందో ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే అనిపిస్తోంది.

ఇక నట్లు బిగించాలి. నాయిన పానా అందుకోబోతే ఖాజా మామ ఆపాడు. "యాదగిరి భాయ్, నీ చెయ్యి స్టీరింగ్‌కే మంచిది. నట్టుకు వద్దు." కిందటిసారి ఇంకో బండికి నాయిన సాయం పట్టి ఒక బోల్టు తెంపిన సంగతి ఇద్దరికీ గుర్తే. "స్వరూపా, నువ్వు రా బిడ్డా" అన్నాడు. నట్టు ఎంత బిగిసిందో చూపించే ముల్లున్న పొడుగు పానా ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని వెంట తెచ్చుకుని, మంచం మీద పక్కనే పడుకోబెట్టుకున్నాడు. నా చేతికిచ్చి, "సూపు ముల్లు మీద వెట్టు. ఊపిరి బిగవట్టకు. మెల్లగ, సమానంగ గుంజు. నేను బస్, సాలు అన్నంక ఇంక ఇసుమంత గూడ వద్దు" అన్నాడు. గోడ మీదినుంచి చూస్తున్న పక్కింటాయన, "ఆడివిల్ల బిగిస్తే గట్టిగుంటదా?" అన్నాడు. నాయిన తల తిప్పకుండానే, "నా బిడ్డ బిగిస్తే విప్పనీకి నువ్వు రావాలె" అన్నాడు. ఆయన నన్ను గురించి అలా నలుగురిలో మాట్లాడటం అదే మొదటిసారి.

ముగ్గు నడిమి చుక్కతో మొదలుపెట్టినట్టు, మధ్య నట్టుతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి చొప్పున బయటికి పోవాలి. ముందు అన్నింటినీ కొంచెం, తర్వాత అన్నింటినీ ఇంకొంచెం, చివరికి పూర్తిగా. ఒక్కదాన్నే ముందు పూర్తిగా బిగిస్తే హెడ్డు వంకర పోతుంది. ముల్లు కదులుతుంటే ఖాజా మామ మెడ చాచి చూస్తూ, "బస్" అనేవాడు. నేను ఆగేదాన్ని. ఇంకో నట్టు. "బస్."  ఒక మూల నట్టు దగ్గర పానా కిందినుంచి చిన్న కిర్రుమన్న చప్పుడు నా చేతికి తగిలింది. ఆయన బస్ అనకముందే ఆగిపోయాను. "ఏమైంది?" అన్నాడు. "చెయ్యికి ఏదో తగిలింది మామా" అన్నాను. విప్పి చూస్తే మరలో ఒక కంకర రేణువు. మా ఇంజనును తినేసిన ఆ గుట్ట దుమ్మే, ఆఖరికి నట్టులో కూడా దూరింది. కడిగి, నూనె రాసి, మళ్లీ బిగించాను. ఈసారి నునుపుగా పోయింది. "బస్" అన్నాడు ఖాజా మామ. తర్వాత మెల్లగా, "నేను షెడ్‌ల శానామందికి నేర్పిన. తగిలింది అని చెప్పినోళ్లు తక్కువ" అన్నాడు. నా చెవులు వేడెక్కాయి.

మిగతావన్నీ కలిపేసరికి సాయంత్రమైంది. ఖాజా మామ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఆఖరి నట్టు ఎవరు బిగిస్తే తాళంచెవి వాళ్లే తిప్పాలి. మంచి పేరైనా చెడ్డ పేరైనా వాళ్లదే. నాయిన తన కారు తాళంచెవిని కలలో కూడా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ రోజు లుంగీకి తుడిచి నా చేతిలో పెట్టాడు. నాయినమ్మ నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, పైమూతకు తాను కోరుకున్నంత పెద్ద బొట్టు పెట్టి తప్పుకుంది. వాకిట్లో, గోడల మీద, రోడ్డు మీద ఊరు ఊరంతా ఉంది. ముందర గదిలో మేకుకు ఖాకీ జత కిటికీలోంచి కనబడుతూనే ఉంది. తాళం తిప్పాను. ఇంజను గరగరమని తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, అందుకుంది. అందుకోగానే వెనకనుంచి తెల్లటి పొగ కమ్మేసింది. ఎవరో అయ్యో అన్నారు. నాయిన ముఖం పాలిపోయింది. "లోపల మనం రాసిన నూనె కాలుతుంది, ఆగున్రి. జల్దీ లేదు" అన్నాడు ఖాజా మామ. ఆగాం. పొగ పలచబడింది, ఇంకా పలచబడింది, పూర్తిగా పోయింది. ఇంజను చప్పుడు ఒక్క తీరుగా, గుసగుసలాడినట్టు నిలబడింది.

నాయిన కారు పక్కకు వచ్చి, మడ్‌గార్డు మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకున్నాడు.  మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. అమ్మ దగ్గరికి పోయి, "ఎట్లుంది?" అని అడిగింది. ఈసారి ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. నాయిన కళ్లు తెరిచి, "జరం దిగింది" అన్నాడు.

సోమవారం పొద్దున కంపెనీ బస్సు మా ఇంటి ముందు ఆగి, హారన్ కొట్టి, నాయిన కారు కడుగుతూ ఉండటం చూసి వెళ్లిపోయింది. మేనమామ ఖాకీ జత తిరిగి తీసుకుపోయాడు, ఆయనా సంతోషంగానే. మేకు ఖాళీ అయింది. పనికిరాని గ్యాస్కెట్ నాయిన పారేయబోతే అమ్మ ఆయన చేతిలోంచి లాక్కుంది. "ఇది పారేస్తే అత్తమ్మ చేతి పసుపు పారేసినట్టే" అంది. ముందర గదిలోని ఆ మేకునే పీకి, వంటింట్లో కొట్టి, పక్కన ఇంకోటి కొట్టి, గ్యాస్కెట్ తగిలించి, దానికి మొదటి గంటె వేలాడదీసింది. ఆ తర్వాత ఆ బండి చాలా ఏళ్లు నడిచింది. మా ఊళ్లో ఇప్పుడు తల నెరిసిన కొందరు అందులో పుట్టబోయి, కొద్దిలో దవాఖాన చేరి పుట్టినవాళ్లే. నాయిన ఆఖరిదాకా డ్రైవరుగానే బతికాడు, డ్రైవరుగానే పోయాడు.

నేను ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సులో చేరతానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పడానికి ఎవరికి నోరుంది? తర్వాత అదే కోర్సు చెప్పే మాస్టరమ్మనయ్యాను, అదే ఉద్యోగంలో రిటైరయ్యాను. రెండు ఇనుప ముఖాలు ఎక్కడెక్కడ ఆనుకున్నాయో అచ్చు చూసుకోవడానికి డిపార్టుమెంటు వాళ్లిచ్చే నీలం రంగు డబ్బా ఉండేది. ప్రతి బ్యాచికీ అది చూపించి, ఆ పక్కనే పసుపు కూడా పెట్టి చూపించేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు, కానీ మరిచిపోయేవాళ్లు కాదు. ఇప్పుడు కార్లకు జ్వరం వస్తే కంప్యూటరు తగిలించి చూస్తున్నారు. అది మంచిదే, నేనూ నేర్చుకున్నాను, నేర్పాను. ఇప్పుడు పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల్లో ఆడపిల్లలు యూనిఫాం వేసుకుని మిషన్ల ముందు నిలబడుతుంటే గోడ మీదినుంచి ఎవరూ ఏమీ అనడం లేదు. ఆనాడు మాకు ఒకే ఒక్క ముల్లు పానా, విరిగిన చెయ్యి, నూలు చీర, గిన్నెడు పసుపు ఉన్నాయి. వాటితోనే ఆఖరి బోరింగ్‌ను నిలబెట్టాం. అప్పుడు బాగుందా ఇప్పుడు బాగుందా అని అడిగితే ఇప్పుడే అంటాను. గర్వం ఎప్పటిది అంటే మాత్రం ఆ ఆదివారానిది.

మొన్న ఆ గ్యాస్కెట్‌ను గిన్నెలు తోమే సబ్బుతో కడుగుతుంటే పైవైపు పొగ నలుపంతా పోయి రాగి తేలింది. వెనక్కి తిప్పి తోమబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఎనుక తుడువకు బిడ్డా." చూశాను. గోడవైపు ఉండి ఎండ తగలని ఆ వైపు, రంధ్రాల చుట్టూ లేత పసుపు రంగు గీతలు ఇంకా ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆమె ముందువైపు మాత్రమే తుడుస్తూ వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది.

కొత్త వంటింట్లో గంటెలకు సొరుగు ఉంది. అయినా అమ్మ వినలేదు. కొత్త టైలుకు రంధ్రం చేస్తే పగులుతుందని వడ్రంగి చేతులెత్తేశాడు, తమ్ముడు నసిగాడు. నేను డ్రిల్లు మిషను అడిగి తీసుకున్నాను. టైలు మీద టేపు అంటించి, మెల్లగా, సమానంగా తొలిచాను. పగల్లేదు. స్క్రూ పెట్టి చేతితో తిప్పుతుంటే అమ్మ వెనక కుర్చీలో ముందుకు వంగి, మెడ చాచి చూస్తోంది. స్క్రూ బిగుసుకుంటోంది. ఇంకో చుట్టు తిప్పుదామని చెయ్యి పెట్టాను.

"బస్" అంది అమ్మ.

ఆగిపోయాను.